భోజనశాలలో అప్సరసలు

కాంబోడియా దేశం చూడబోయిన యాత్రికుడు పగలు దేవాలయాలు చూస్తాడు. రాత్రి నాట్యం చూస్తాడు. ఈ రెండింటికీ సియెమ్ రీప్ పట్టణమే కేంద్రం. అంగ్‌కోర్ వాట్ మహాలయం అక్కడికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఎండలో ప్రాకారాలన్నీ తిరిగి, నిట్టనిలువు మెట్లు ఎక్కి దిగి, కాళ్ళు లాగుతూ బసకు చేరినవానిని అక్కడివారు అడిగే మొదటి ప్రశ్న, సాయంత్రం నాట్యప్రదర్శనకు వెళ్తారా అని. ఆ వెనుకనే రెండవ మాట కూడా వస్తుంది: భోజనం కూడా అక్కడే, టిక్కెట్టులోనే కలిసి ఉన్నదని.

మనకు ఈ ఏర్పాటు కొంచెం కొత్త. మన దేశంలో నాట్యం చూడబోయేవాడు ఇంట భోజనం ముగించుకుని పోతాడు. లేదా తిరిగివచ్చి తింటాడు. భాగవతులు గజ్జె కట్టి రంగం మీదికి వచ్చిన తరువాత ఎదుట విస్తరి వేసుకుని కూర్చోవడం మన మర్యాద కాదు. కాంబోడియాలో కూడా ఇది పూర్వాచారమేమీ కాదు. అక్కడి శాస్త్రీయనాట్యం రాజప్రాసాదంలో పెరిగినది. దేవతల ప్రీతికి, పితరుల స్మరణకు, వానలు కురవడానికి చేసే ప్రార్థనలలో అది ఒక అంగం. అట్టి నాట్యం భోజనపు బల్లల ముందుకు ఎట్లా వచ్చినదో, వచ్చినందువలన దానికి కలిగిన మేలేమిటో కీడేమిటో తెలిస్తే గాని, అక్కడ గడిపే సాయంత్రం మనకు సగమే అర్థమవుతుంది.

ముందు ఆ శాల సంగతి చెబుతాను. ఇటువంటి శాలలు సియెమ్ రీప్‌లో చిన్నవీ పెద్దవీ అనేకం ఉన్నవి. నేను వెళ్ళినది పెద్దవాటిలో ఒకటి. ఎత్తైన పైకప్పు, ఒక చివర వేదిక, దానికి ఎదురుగా బారులు తీర్చిన పొడుగాటి బల్లలు. ఆరున్నరకు లోనికి పోనిస్తారు, నాట్యం ఏడున్నరకు. నడుమ ఒక గంట భోజనానికి. వడ్డించేవారు ఉండరు. ఒక ప్రక్క వరుసగా పాత్రలుంటవి. పళ్ళెం చేత పట్టుకుని కావలసినది వడ్డించుకోవలె. అన్ని దేశాల నాలుకలనూ సంతృప్తిపరచాలన్న తాపత్రయంతో వండించిన వంటలు గనుక, రొట్టెలు, వేపుళ్ళు, చీనా పద్ధతి సేమ్యాలు సమృద్ధిగా ఉంటవి. ఖ్మేరు వంట మాత్రం ఈ సందడిలో ఒక మూల ఒదిగి ఉంటుంది. వెదికి పట్టుకోవలె.

వెదకవలసిన మొదటి వంటకం అమోక్. నిమ్మగడ్డి, పసుపు, వెల్లుల్లి, దుంపరాష్ట్రం మొదలైనవి కలిపి నూరిన ముద్దను అక్కడ క్రోయుంగ్ అంటారు. ఖ్మేరు వంటకు అది ప్రాణం. ఆ ముద్దనూ కొబ్బరిపాలనూ చేపముక్కలతో కలిపి, అరటాకు దొన్నెలలో పోసి, మన ఇడ్లీల వలె ఆవిరి మీద ఉడికిస్తారు. మిరపకారం తక్కువ. ఆంధ్రుల నాలుకకు మొదటి ముద్ద చప్పగా తోచినా, మూడవ ముద్దకు నిమ్మగడ్డి పరిమళం తెలుస్తుంది. చేపలతోనే చేసిన పుల్లని చారు ఒకటి ఉన్నది. అది తిన్నప్పుడు మన పులుసు జ్ఞాపకం రాక మానదు. ప్రహోక్ అన్నది చేపలను ఉప్పు వేసి నెలల తరబడి ఊరబెట్టినది. దాని వాసన తెలియనివారికి దుర్భరం, తెలిసినవారికి అది లేని భోజనం భోజనమే కాదు. అనేక వంటలలో అది కంటికి కనబడకుండా కలిసి ఉంటుంది కనుక, శాకాహారులు ముందుగానే అడిగి తెలుసుకొనడం మేలు. చివరకు గుమ్మడికాయను తొలిచి, గ్రుడ్లు, కొబ్బరిపాలు, తాటిబెల్లం కలిపి లోపల పోసి, ఆవిరిపై ఉడికించి, ముక్కలుగా కోసి పెట్టే తీపి వంటకం ఒకటి దొరుకుతుంది. ఆ దేశమంతటా తాటిచెట్లే. పొలాల గట్ల మీద వాటిని చూసినప్పుడు గోదావరి మండలంలో ప్రయాణం చేస్తున్నామా అనిపిస్తుంది.

ఏడున్నరకు దీపాలు తగ్గిస్తారు. వేదిక ప్రక్కన వాద్యబృందం అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ఈ బృందాన్ని పిన్‌పీట్ అంటారు. పడవ ఆకారపు పెట్టె మీద వెదురు పలకలో కొయ్య పలకలో వరుసగా అమర్చి చిన్న కోలలతో వాయించే రోనియట్. మధ్య మనిషి కూర్చోగా చుట్టూ కంచుగంటలు గుండ్రంగా అమర్చిన కోంగ్ వోంగ్. మన సన్నాయికి దూరపు బంధువనిపించే స్రలై. రెండు ముఖాల సంఫో అనే మద్దెల. ఛింగ్ అనే చిన్న తాళాలు. తాళాల పేరులోనే వాటి ధ్వని ఉన్నది. మద్దెల వాయించేవాడు బృందానికి నాయకుడు. ఆ మద్దెలకు అగరువత్తులతో, పూలతో పూజ చేస్తారు. మృదంగానికి నమస్కరించి ఒడిలోకి తీసుకునే మన విద్వాంసులను చూసినవారికి ఇందులో వింత లేదు. కొన్ని శాలలలో వాద్యబృందం ఉండదు. ముందుగా ముద్రించిన సంగీతాన్నే యంత్రం మీద వినిపిస్తారు. అట్టి చోటికి పోవద్దని నా సలహా. టిక్కెట్టు కొనే ముందు తప్పక అడగవలసిన మాట ఇదొక్కటే.

ప్రదర్శన గంటసేపు. సాధారణంగా మొదట ఆశీర్వాదనాట్యం ఉంటుంది. కన్యలు చేత పాత్రలు పట్టుకుని వచ్చి పూలరేకులు సభికుల వైపు చల్లుతారు. ఆ తరువాత జానపదనృత్యాలు. కొబ్బరిచిప్పలు తాళాలుగా చేసుకుని యువతీయువకులు ఆడే నృత్యం ఒకటి. వెదురుబుట్టలతో చేపలు పట్టడం, ఆ సందులో ఒక పడుచుజంట అలిగి, తిరిగి కలుసుకోవడం చూపే నృత్యం మరొకటి. మగవారి చేతిలోని బుట్టలు అచ్చంగా మన ఊతగంపలే. ఈ నృత్యాలు పల్లెలలో తరతరాలుగా ఉన్నవనుకుంటారు చూసేవారు. నిజానికి చేపల నృత్యాన్ని ప్నోంపెన్ నగరంలోని లలితకళా విశ్వవిద్యాలయంవారు 1960 దశాబ్దంలో పల్లెజీవనం చూసి కూర్చినారు. సభలో ఎక్కువ చప్పట్లు దీనికే పడినవి. పడవలసినవే, కాని ఆ రాత్రికి అసలైన సరుకు ఇంకా రాలేదు.

రామకథ వస్తుంది. ఖ్మేరులు రామాయణాన్ని రియమ్‌కేర్, అనగా రామకీర్తి, అంటారు. రాముడు ప్రెయ రియమ్, సీత నియాంగ్ సెడా. ఈ శాలలలో తరచుగా చూపే ఘట్టం సేతుబంధనం. వానరులు వేసిన రాళ్ళను జలచరాలు మాయం చేస్తుంటవి. వాటికి నాయిక రావణుని కూతురు, సువణ్ణమచ్ఛ, అనగా బంగారుచేప. హనుమంతుడు ఆమెను పట్టుకోబోయి, చివరకు ప్రేమించి, సేతువు సాధిస్తాడు. వాల్మీకిలో ఈ కథ లేదు. బ్రహ్మచారియైన ఆంజనేయునికి ఈ అపవాదమేమిటని మన ప్రక్క బల్లపై కూర్చున్న పెద్దలెవరైనా నొచ్చుకోవచ్చును. కాని మన మైరావణ కథలో హనుమంతుని చెమటబిందువును మ్రింగిన చేపకు పుట్టిన మత్స్యవల్లభుడు ఉన్నాడు గదా! సముద్రం దాటిన కథ అక్కడ ఒక రూపం దాల్చినది, ఇక్కడ ఒక రూపం. నాట్యంలో హనుమంతుని పాత్రకు ముఖానికి తొడుగు, గంతులు, గోకుళ్ళు, నవ్వు తెప్పించే చేష్టలు. చేపకన్యకు మెల్లని నడక, చిక్కక జారిపోయే భుజాల కదలిక. మాట ఒక్కటి లేదు. వెనుకనుండి గాయకులు కథ పాడుతారు.

ఖ్మేరు శాస్త్రీయనాట్యంలో పాత్రలు నాలుగే తెగలు: స్త్రీ, పురుషుడు, రాక్షసుడు, వానరుడు. నియాంగ్, నియరోంగ్, యెయక్, స్వా అని వాటి పేర్లు. యెయక్ అన్నది మన యక్షశబ్దమే. బాలికలను చిన్నతనంలోనే చూసి, ముఖం, శరీరం ఏ పాత్రకు తగినవో గురువులు నిర్ణయిస్తారు. ఆ తరువాత జీవితమంతా దాదాపు ఆ ఒక్క తెగలోనే సాధన. పూర్వం పురుషపాత్రలు, రాక్షసపాత్రలు కూడా స్త్రీలే ధరించేవారు. వానరపాత్ర మాత్రం గడచిన శతాబ్దిలో పురుషుల చేతికి వచ్చినది.

రేడియోలో చేతివేళ్ళు చూపడం సాధ్యం కాదు కనుక, శ్రోతలు ఒక పని చేయండి. ఎడమచేతితో కుడిచేతి నాలుగు వేళ్ళను పట్టుకుని వెనుకకు, మణికట్టు వైపుకు వంచి చూడండి. ఎంతవరకు పోయినవి? ఖ్మేరు నర్తకి వేళ్ళు విల్లు వలె వంగుతవి. ఇందుకోసం ఐదారేండ్ల వయసు నుండి ప్రతిదినం వేళ్ళను, మోచేతులను, పాదాలను వంచి సాధన చేయిస్తారు. హస్తభంగిమలను క్బచ్ అంటారు. ఒకటి మొలక, ఒకటి ఆకు, ఒకటి పువ్వు, ఒకటి కాయ. ఒక చెట్టు పుట్టి, పూచి, కాచే క్రమమంతా ఒక అరచేయి తిరుగుడులో ఇముడుతుంది. ఒక మోకాలిపై కూర్చుని, రెండవ పాదాన్ని వెనుకకు ఎత్తి, అరికాలు ఆకాశానికి చూపితే ఆ పాత్ర ఎగురుతున్నదని అర్థం. ఈ ఒక్క గుర్తు తెలిసినా చాలు, కథ సగం తెలుస్తుంది.

నాకు అన్నింటికంటె నచ్చినది మేఖల నాట్యం. మణిమేఖల సముద్రదేవత. ఆమె, రియమ్ ఎయ్‌సో అనే రాక్షసుడు, వొరచ్ఛున్ అనే రాజకుమారుడు, ముగ్గురూ ఒక మునికి శిష్యులు. తెల్లవారేసరికి మంచునీటితో కుండ నింపినవారికి దివ్యమణి ఇస్తానన్నాడు ముని. మగవారిద్దరూ ఆకుల మీద బొట్లు ఏరుకుంటూ తిరిగినారు. మేఖల తన వస్త్రాన్ని రాత్రంతా పచ్చికపై పరచి, ఉదయం పిండి, కుండ నింపినది. మణి ఆమెకు దక్కినది. రాక్షసునికి గొడ్డలి, రాజకుమారునికి కత్తి దక్కినవి. రాక్షసుడు మణికోసం ఆమె వెంటబడి గొడ్డలి విసురుతాడు, అది ఉరుము. ఆమె మణిని ఎగురవేస్తుంది, అది మెరుపు. ఆ పిమ్మట వాన. రాక్షసుని పేరులో మన పరశురాముని, రాజకుమారుని పేరులో అర్జునుని పోల్చుకుంటారు పండితులు. కరవు వచ్చినప్పుడు రాజాస్థానంలో వర్షప్రార్థనకు ఈ నాట్యం ఆడించేవారు. కప్పతల్లిని ఊరేగించి వాన కోసం పాడే మన పల్లెప్రజలకు ఇది విడమరచి చెప్పనక్కరలేని నాట్యం.

చివర అప్సరానాట్యం. తెల్లని వస్త్రాలు, ఎత్తైన కిరీటం ధరించిన ప్రధాన అప్సరస పేరు మేరా. ఖ్మేరు జాతికి మూలపురుషుడైన కంబుమునిని వరించినదని ఐతిహ్యం. ఆమె చుట్టూ నలుగురో ఆరుగురో చెలికత్తెలు. పూలతోటలో విహారం, అంతే కథ. ప్రకటన చేసే యువకుడు ఇది వెయ్యేండ్ల నాట్యమని సభకు చెప్పినాడు. ఆ మాటను కొంచెం సవరించుకోవలె. అంగ్‌కోర్ కాలంలో ఆలయనర్తకులు ఉన్న మాట నిజమే. ఏడవ జయవర్మ కట్టించిన తా ప్రోమ్ ఆలయంలోని 1186 నాటి శాసనం 615 మంది నర్తకులను లెక్క చెబుతున్నది. కాని ఆనాటి నాట్యం ఎట్లా ఉండేదో శిలలే సాక్షి. నేడు మనం చూసే అప్సరానాట్యాన్ని 20వ శతాబ్ది మధ్యకాలంలో రాణి సీసోవత్ కోసమక్ ఆ శిల్పాలను ఆధారం చేసుకుని కూర్పించినది. మొట్టమొదటి మేరా ఆమె మనుమరాలు, 1943లో జన్మించిన రాజకుమారి నరోత్తమ్ బొప్ఫాదేవి. 1962లో ఫ్రెంచి దర్శకుడు మార్సెల్ కాము తీసిన చలనచిత్రంలో ఆమె ఈ నాట్యం చేసినది. మన రామప్ప దేవాలయశిల్పాలనూ జాయప సేనాని గ్రంథాన్నీ పట్టుకుని నటరాజ రామకృష్ణగారు పేరిణిని తిరిగి నిలబెట్టినారు. ఆ మార్గమూ ఇటువంటిదే.

రాణీగారు చేసిన మరొక పని గమనించదగినది. రాత్రి పొడుగునా సాగే నృత్యనాటకాలను ఆమె కుదించి, రాజ్యానికి వచ్చే విదేశాతిథులు చూడదగినట్లు చిన్న అంశాలుగా కూర్పించినది. అనగా అతిథి కోసం నాట్యాన్ని మలచడం భోజనశాలలవారు కనిపెట్టిన విద్య కాదు, రాజప్రాసాదంలోనే ఆరంభమైనది. అంతకుముందు 1906లో సీసోవత్ రాజు వెంట ఆస్థాననర్తకులు ఫ్రాన్సు దేశం వెళ్ళినప్పుడు, శిల్పి రోడే వారిని చూసి ముగ్ధుడై, మార్సే పట్టణం వరకు వెంబడించి, దాదాపు 150 చిత్రాలు గీసినాడు. అప్పటి అతిథి కుంచె పట్టుకున్నాడు. ఇప్పటి అతిథి ఫోర్కు పట్టుకున్నాడు. తేడా అక్కడ ఉన్నది.

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సైన్యాలు ప్నోంపెన్ ప్రవేశించి, నగరాన్ని ఖాళీ చేయించినవి. 1979 జనవరి వరకు సాగిన ఆ పాలనలో పదిహేను నుండి ఇరువది లక్షలమంది మరణించినారని అంచనా. రాజాస్థానంతో సంబంధమున్న విద్య గనుక నాట్యం నేరమైనది. కళాకారులలో పదింట తొమ్మిదిమంది బ్రతకలేదని అంటారు. గురుముఖతః తప్ప గ్రంథంలో లేని విద్యకు ఇంతకంటె పెద్ద ఆపద ఉండబోదు. ఒక గురువు మరణిస్తే ఆమె చేతులలోని భంగిమలన్నీ ఆమెతోనే పోతవి.

మిగిలినవారిలో చియ సామీ అనే ఆమె ఒకరు. బాల్యంలోనే ప్రాసాదంలో చేరి నాట్యం నేర్చినది. ఆమె భర్త సాక్షాత్తు పోల్ పోట్‌కు అన్న. ఆ పిల్లవాడు చిన్నతనంలో ప్నోంపెన్‌లో ఆ అన్నగారి పంచననే పెరిగినాడు. పల్లెలో కూలిపని చేయిస్తున్న రోజులలో, వంటశాలలో తగిలించిన నాయకుని పటం చూసినప్పుడు గాని, దేశాన్ని ఏలుతున్నది తన మరిదియేనని ఆమెకు తెలియలేదు. 1980 దశాబ్దపు ఆరంభంలో లలితకళల పాఠశాల తిరిగి తెరచినప్పుడు, ఆమె, ఆమె వంటి కొద్దిమంది, ఒకరికి జ్ఞాపకమున్న భంగిమకు మరొకరికి జ్ఞాపకమున్న భంగిమను చేర్చుకుంటూ, అనాథబాలికలకు నేర్పినారు. చియ సామీ 1994లో మరణించినది. ఎమ్ థియే అనే మరొక గురువు 2021 వరకు జీవించినది. ఆమెపై 1993లో వచ్చిన చిత్రం పేరు ‘పదవ నర్తకి’ అనే అర్థం కలది. ఆ పేరులోని లెక్క శ్రోతలు గ్రహించే ఉంటారు.

విద్య నిలిచినది, ఆడడానికి చోటు కావలె. ప్నోంపెన్‌లో 1968లో కట్టిన జాతీయనాటకశాల 1994లో అగ్నికి ఆహుతియైనది. 2008లో దానిని పడగొట్టినారు. పాఠశాల నుండి ఏటేటా బయటికి వచ్చే నర్తకులకు నెలజీతం ఇవ్వగల పోషకులు రాజు కాదు, ప్రభుత్వం కాదు, సియెమ్ రీప్ భోజనశాలలే అయినవి. 2003లో యునెస్కో సంస్థ ఈ నాట్యాన్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించినది. 2008లో జాబితాకు చేర్చినది. ఆ సంస్థవారే దీనికి గల అపాయాలు చెబుతూ, ధనం చాలకపోవడం, తగిన రంగస్థలాలు లేకపోవడం అన్నవాటితోపాటు, యాత్రికుల వినోదంగా మాత్రమే మిగిలిపోయే ప్రమాదాన్ని కూడా పేర్కొన్నారు. పోషణ, ప్రమాదం ఒకే ఇంట కాపురమున్నవి. దీని అర్థం 2020లో మరింత తెలిసినది. 2019లో ఆ దేశానికి 66 లక్షల విదేశీయాత్రికులు వచ్చినారు. మహమ్మారి వచ్చిన మరుసటి ఏడు ఆ సంఖ్య 13 లక్షలకు పడిపోయినది. శాలలు మూతబడినవి; నర్తకులు ఇతర పనులు వెదుక్కున్నారు.

కనుక ఈ ప్రదర్శన యాత్రికుల కోసం వండినది కదా అని పెదవి విరిచేవారితో నేను ఏకీభవించను. ఆ వేదిక మీది బాలిక వేళ్ళు వంగడానికి పదేండ్లు పట్టినవి. గురువారంనాడు గురుపూజ చేసి నేర్చిన విద్య అది. వారి భాషలో గురువును క్రూ అంటారు. గురుపూజకు గురువారమే వారికీ ప్రశస్తం. ప్రదర్శనకు ముందు పట్టువస్త్రాలను ఆమె ఒంటిమీదనే సూదీదారంతో కుట్టుతారు. సంపొత్ అనే ఆ వస్త్రాన్ని మన పంచె వలె వెనుకకు దోపి కట్టడానికే చాలాసేపు పడుతుంది. ఇంత జరిగిన తరువాత ఆమె వేదిక మీదికి వచ్చేసరికి, నా చుట్టుప్రక్కల కొందరు రెండవసారి పండ్లకోసం లేచినారు. నాట్యం కుదించినందుకు శాలవారిని తప్పుపట్టవచ్చును. పళ్ళెం ఎప్పుడు ప్రక్కకు పెట్టాలన్నది మాత్రం మన చేతిలోని పని.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. ఆరున్నరకే చేరి, ఏడుంబావుకు భోజనం ముగించండి. వేదికకు దగ్గరి బల్ల కావాలని ముందురోజే చెప్పండి. దూరాన కూర్చున్నవారికి వేళ్ళు కనబడవు, వేళ్ళు కనబడకపోతే ఈ నాట్యంలో ఏమీ కనబడదు. ఆ ఉదయమే అంగ్‌కోర్ వాట్ తూర్పుమండపంలో క్షీరసాగరమథనశిల్పం చూసి ఉండండి. దాదాపు 49 మీటర్ల పొడవు, 88 మంది దేవతలు, 92 మంది అసురులు. వారి తలలపైన, నురుగునుండి ఎగసి వస్తున్న అప్సరసలు. సాయంకాలం వేదిక మీద మోకాలు వంచి అరికాలు పైకెత్తిన భంగిమ చూసినప్పుడు, ఆ శిలలు గుర్తుకు వస్తవి.

నాట్యం ముగిసిన తరువాత సభికులు వేదిక ఎక్కి నర్తకుల ప్రక్కన నిలిచి ఛాయాచిత్రాలు తీయించుకోవడం అక్కడి ఆచారం. బారు పొడుగు, నర్తకులు నవ్వుతూ నిలబడే ఉంటారు. ఆ బారులో నిలబడే ఓపిక లేనివారు వాద్యకారుల వైపు వెళ్ళవచ్చును. అక్కడ ఎవరూ ఉండరు. రోనియట్ వాయించే వృద్ధుడు నాకు ఒక కోల చేతికిచ్చి, పలకలు తట్టి చూడమన్నాడు.